కొండమిట్ట డిపోలో జింకల కొరత

కొండమిట్ట బస్సు డిపోలో సీనియర్ అసిస్టెంటు నీలకంఠానికి తన కలం మీద ఎంత నమ్మకమో తన మీద అంత అపనమ్మకం. అధికారి ఎవరైనా కాస్త గొంతు పెంచి "ఏమయ్యా" అంటే చాలు, చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకునే రకం. అదే మనిషి చేతికి తెల్లకాగితం ఇస్తే మాత్రం మారిపోయేవాడు. జ్వరమని సెలవు చీటీ రాయమంటే అందులో జ్వరానికి ముందొచ్చిన చలీ, చలికి ముందు కురిసిన వానా కూడా వచ్చి చేరేవి. డ్రైవర్లు, కండక్టర్లు తమ సంజాయిషీలన్నీ ఆయన చేతే రాయించుకునేవారు. నీలకంఠం రాసిన సంజాయిషీ చదివితే తప్పు చేసినవాడి మీద జాలి, పట్టుకున్నవాడి మీద కోపం కలుగుతాయని డిపోలో పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

ఆ ఏడు వేసవి చివర్లో, రాష్ట్ర మార్గ వన్యప్రాణి సమన్వయ మండలి అని కొత్తగా పుట్టిన ఒక మండలి నుంచి డిపోకి నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. వాటి వెనకాలే మండలి ప్రత్యేకాధికారి చిదంబర ప్రసాద్ గారు స్వయంగా వేంచేశారు. పెట్టెల్లో బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ ఈలలు ఉన్నాయి. ఒక్కో బస్సు బంపరుకి రెండేసి బిగించాలి. బస్సు పరుగెత్తుతుంటే గాలి దూరి ఈల మోగుతుంది. ఆ మోత మనిషి చెవికి అందదు, జింక చెవికే అందుతుంది. విన్న జింక అడవిలోకి పారిపోతుంది. బస్సు కింద పడదు. అదీ సంగతి.

డిపో ఆవరణలో షామియానా వేసి సిబ్బందినంతా కూర్చోబెట్టారు.

"ఇంతవరకు మనం జింకకు బ్రేకు ద్వారా సమాచారం ఇస్తూ వచ్చాం. అది ఆలస్య సమాచారం," అన్నారు ప్రత్యేకాధికారి. "ఇకపై ఈల ద్వారా ముందస్తు సమాచారం ఇస్తాం. వాహనానికీ వన్యప్రాణికీ నడుమ ఏర్పడిన సమాచార అంతరాన్ని పూడ్చడమే మండలి ధ్యేయం."

వెనక వరసలోంచి డ్రైవరు కాశీంవలి లేచి నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అడవి దారిలో సోమవరం వెళ్లే మొదటి బస్సు ఆయనదే. ఆ దారిలో ఏనుగుబండ ఘాట్ ఉంది, పద్నాలుగు మలుపులు. ఇన్నేళ్లలో బండికి గీత పడలేదు. కోతి అడ్డమొస్తే అది దాటేదాకా ఆగే మనిషి. ప్రమాదరహిత డ్రైవరని సంస్థ మూడు పతకాలిచ్చింది.

"సారూ, ఈల మోగుతాందో లేదో మాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

"మీకు తెలియదు. అదే దాని విశిష్టత."

"ఎంత స్పీడులో మోగుతాది సారూ?"

ప్రత్యేకాధికారి పక్కనున్న కాగితం చూసి, "గంటకు యాభై కిలోమీటర్లు దాటిన మీదట," అన్నారు.

"ఘాట్లో ముప్పై దాటితే మాకు మెమో ఇస్తారు."

షామియానా కింద డ్రైవర్లంతా తలలూపారు. ప్రత్యేకాధికారి మాత్రం తడుముకోలేదు. "ప్రయాణికుల భద్రత దృష్ట్యా ముప్పై దాటరాదు. జింకల భద్రత దృష్ట్యా యాభైకి తగ్గరాదు. రెండు ఆదేశాలూ అమల్లోనే ఉంటాయి. డ్రైవరు సందర్భానుసారం విచక్షణ వినియోగించుకోవలెను."

డిపో మేనేజరు పద్మనాభ రెడ్డి గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని అందరూ కొట్టారు. నీలకంఠం అందరికన్నా ఒక చప్పట ఎక్కువే కొట్టాడు. ప్రత్యేకాధికారికి ఇవ్వబోయే సన్మానపత్రం రాసింది ఆయనే మరి.

ఆరు నెలలు గడిచాయి. మండలి నుంచి ఒక నమూనా పత్రం వచ్చింది. ఈల అమర్చక ముందు జింకల ప్రమాదాలెన్ని, అమర్చిన తరువాత ఎన్ని, తగ్గుదల శాతమెంత, అని మూడు గళ్లు. నీలకంఠం ప్రమాదాల రిజిస్టరు తిరగేశాడు. తొమ్మిదేళ్లలో జంతువుతో జరిగిన ప్రమాదం ఒక్కటే ఉంది. సోమవరం సంతలో నిలిపి ఉంచిన బస్సును ఒక ఆంబోతు పొడిచింది. గాయం బస్సుకే. జింక అన్న మాటే రిజిస్టరులో లేదు. ఆయన మొదటి గడిలో సున్నా వేశాడు, రెండో గడిలో సున్నా వేశాడు. మూడో గడి దగ్గర కంప్యూటరు మొరాయించింది. సున్నాలో సున్నా తగ్గితే ఎంత శాతమో దానికీ తెలియదు. అది ఖాళీగా వదిలి పంపేశాడు.

మూడో రోజు ఫోను మోగింది.

"నీలకంఠం గారేనా? చిదంబర ప్రసాద్‌ను. మీ డిపోలో జింకల కొరత ఉంది."

"అంటే ఏమిటి సార్?"

"ఈలకు ముందు సున్నా, ఈల తరువాత సున్నా. దీన్ని ప్రగతి అంటారా? పక్క డిపో వాళ్లు పద్దెనిమిది నుంచి రెండుకు తగ్గించారు. మీరు సున్నాతో మొదలుపెడితే ఇక మండలి తగ్గించడానికి ఏం మిగిలింది?"

"ప్రమాదాలు జరగలేదు కదండీ."

"జరిగినట్టు రిజిస్టరులో లేదు, అంతే. రిజిస్టరులో లేనివేవీ జరగలేదని మీరు ప్రమాణం చేయగలరా?" ఆయన గొంతు కొద్దిగా పెరిగింది. "ఏమయ్యా, శాస్త్రీయ అంచనా అని ఒకటి ఉంటుందా ఉండదా?"

ఆ 'ఏమయ్యా'తో నీలకంఠం సగం చచ్చాడు. సాయంత్రంలోగా పంపుతానని ఒప్పుకున్నాడు.

కూర్చుని ఆలోచించాడు. తొమ్మిదేళ్లు, రోజుకు పన్నెండు ట్రిప్పులు, ముప్పై నాలుగు కిలోమీటర్ల అడవి. ఎక్కడో ఒకటి తగిలే ఉంటుంది. ముందు మూడు అని రాశాడు. పక్క డిపో పద్దెనిమిది ముందు ఆ మూడు మరీ దీనంగా కనిపించింది. కొట్టేసి ఇరవై అని రాశాడు. ఇరవై అంటే ఊహించి వేసినట్టుంటుంది, ఇరవైమూడు అంటే లెక్కపెట్టినట్టుంటుంది అనిపించింది. ఇరవైమూడు చేశాడు. ప్రమాదాలు అన్న మాట పలచగా ఉందని మృతి అన్నాడు. అప్పటికి చెయ్యి వాటంలో పడింది. వివరణ కోసం వదిలిన జాగా ఖాళీగా ఉంటే చూడలేని అలవాటు కదా, 'మంచు కమ్మిన వేకువ వేళల్లో, మేతకై రహదారి దాటుచుండగా. మృతి చెందిన వాటిలో నాలుగు చూలివి' అని చేర్చాడు. చదువుకుంటే ఆయనకే గుండె బరువెక్కింది.

తగ్గుదల నూటికి నూరు శాతం. కొండమిట్ట డిపో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. మేనేజరు గారికి షీల్డు, నీలకంఠానికి శాలువా ఇచ్చారు. ఇంటికొచ్చి శాలువా చూపిస్తే భార్య త్రివేణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"జింకల్ని చంపనందుకా ఇది?"

"చంపినవాటిని తగ్గించినందుకు."

"చంపిందెవరు?"

నీలకంఠం శాలువా మడిచి బీరువాలో పెట్టాడు.

ఆ ప్రశ్నే రెండు నెలలకు అటవీ డివిజన్ కార్యాలయం నుంచి కాగితం మీద వచ్చింది. 'పైన ఉదహరించిన నివేదిక ప్రకారం మీ సంస్థ వాహనముల క్రింద రక్షిత జాతికి చెందిన ఇరవైమూడు ప్రాణులు మృతి చెందినట్లు తెలియవచ్చినది. సదరు ఘటనల తేదీ, స్థలము, బస్సు నంబరు, డ్రైవరు పేరు, కళేబరముల పారవేత వివరములు తక్షణమే సమర్పించవలెను.'

నీలకంఠం దాన్ని మేనేజరు దగ్గరికి పట్టుకెళ్లాడు.

పద్మనాభ రెడ్డి గారు కళ్లజోడు తీసి, "నన్ను అడక్కండి," అన్నారు. "మీరే చంపారు, మీరే పూడ్చండి."

ఇక చేసేదేముంది. నీలకంఠం ఇరవైమూడు చావుల్ని తొమ్మిదేళ్ల మీద విత్తనాలు చల్లినట్టు చల్లాడు. పండగ రోజులు, వానలు కురిసే నెలలు వదిలేశాడు. మొదటి నివేదికలో మంచు, వేకువ అన్నాడు గనక అన్నీ చలికాలం పొద్దుటి పూటకే సర్దాడు. కళేబరాలను 'స్థానిక జంతువులు భుజించినవి' అన్నాడు. డ్రైవరు పేరు దగ్గర చెయ్యి ఆగింది. లేని జింకను చంపడం తేలికే, ఉన్న మనిషి మీద వెయ్యడం అలా కాదు. 'వివరము లభ్యము కాదు' అని రాసి, తనలో ఇంకా కాస్త ధర్మం మిగిలే ఉందని సంతోషించాడు.

అటవీ శాఖ వాళ్లకు ఆ ధర్మంతో పని పడలేదు. ఆ తేదీల డ్యూటీ చార్టు తెప్పించుకున్నారు. అడవి దారిలో పొద్దుటి మొదటి బస్సు ఎప్పుడూ కాశీంవలిదే. ఇరవైమూడులో పదిహేడు ఆయన పేరు మీద తేలాయి. మిగతా ఆరు ఆయన వారపు సెలవుల్లో పడి, ఎప్పుడో రిటైరై ఊళ్లకు పోయిన ఇద్దరి మీదకు వెళ్లాయి. రిటైరైనవాళ్ల చిరునామాలు దొరకలేదు. కాశీంవలి చిరునామా డిపో గేటే.

నోటీసు అందిన రోజు మధ్యాహ్నం కాశీంవలి నీలకంఠం బల్ల ముందుకొచ్చాడు.

"సారూ, అడవోళ్లు ఏందో పంపినారు. ఈ తెలుగు నాకు కొరుకుడు పడలా. నువ్వు చదివి చెప్పు."

నీలకంఠం కాగితం అందుకున్నాడు. మొదటి వాక్యంలోనే తన మంచూ తన వేకువా కనిపించాయి. అక్షరం పొల్లుపోకుండా దించారు. ఆయన చదవసాగాడు. తన వాక్యాలు తన నోట్లోనే ముళ్లయ్యాయి. కాశీంవలి నిలబడి వింటున్నవాడల్లా పక్కనున్న ఇనప పెట్టె మీద కూర్చున్నాడు.

"పదిహేడా?"

"అలా అని రాశారు."

"నేనా?"

"చార్టు ప్రకారం."

"నాలుగు చూలివంట గదా. అది వాళ్లకెట్ల తెలిసింది సారూ?" కాశీంవలి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఎవరో కళ్లారా చూసినోళ్లే రాసుంటారు. చూడకుండా ఎవరూ అంత వివరంగా రాయలేరు."

నీలకంఠం జీవితంలో తన రచనకు దక్కిన అతి పెద్ద మెప్పు అదే. ఆయనకు మంచినీళ్లు కావలసి వచ్చాయి.

"మంచులో అప్పుడప్పుడు బండి కింద ఏదో తగిలినట్టుండేది," అన్నాడు కాశీంవలి. "రాయి అనుకుంటి. రాయి కాదేమో."

"రాయే అయ్యుంటుంది వలీ. సంజాయిషీ నేను రాస్తాలే," అన్నాడు నీలకంఠం. కాగితం మడిచి తన సొరుగులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి మొదటి బస్సు ఘాట్లో పది కిలోమీటర్ల వేగం దాటలేదు. ప్రతి మలుపు దగ్గరా కాశీంవలి బండి ఆపి, దిగి, కిందకి వంగి చూసేవాడు. మంచు పడితే కండక్టరును ముందు నడవమనేవాడు. ఒక రోజు సంతకు పోయే ఆమె విసుగెత్తి బుట్ట నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. బస్సు సోమవరం చేరేసరికి ఆమె సగం వంకాయలు అమ్మేసింది. ఇంట్లో కోడిని కొయ్యనివ్వడం మానేశాడని చెప్పుకున్నారు. వారం తిరక్కుండానే, విచారణ ముగిసేవరకు స్టీరింగు ముట్టరాదని ఆర్డరు వచ్చింది. ఆయన్ను గేటు దగ్గర స్టూలు మీద, బస్సుల రాకపోకలు రాసే పనిలో కూర్చోబెట్టారు. తన బస్సును వేరే డ్రైవరు తోలుకుపోతుంటే కాశీంవలి కళ్లు నేల మీద పెట్టుకుని నంబరు రాసేవాడు.

నీలకంఠం కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. ఆయన రెండు రోజులు కిటికీ మూసి చూశాడు. మూసిన కిటికీలోంచి ఇంకా బాగా కనిపించింది. మూడో రోజు కాశీంవలిని క్యాంటీనుకు తీసుకెళ్లి రెండు టీలు చెప్పాడు.

"వలీ, ఆ పదిహేడూ నేనే."

కాశీంవలి ఆయన్ను ఎగాదిగా చూశాడు. "నీకు బండి తోలడం రాదు గదా సారూ."

"తోలలేదు. రాశాను." అని మొత్తం చెప్పాడు. సున్నాలు, ఫోను, మూడు, ఇరవై, ఇరవైమూడు, అన్నీ. చూలివాటి దగ్గర మాత్రం గొంతు తగ్గించాడు.

టీ చల్లారింది. కాశీంవలి గ్లాసు పక్కకి జరిపి, "అయితే నేను ఒక్కదాన్ని గూడా తగల్లేదా?" అన్నాడు.

"లేదు."

"చూలివి?"

"లేవు. అసలేవీ లేవు."

కాశీంవలి భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. చల్లారిన టీ గుక్కలో తాగి లేచి వెళ్లిపోయాడు. తిడతాడనీ, కొట్టినా కొడతాడనీ సిద్ధపడి వచ్చిన నీలకంఠం ఏం చెయ్యాలో తోచక చల్లారిన తన టీ కూడా తాగేశాడు. ఆ తర్వాత మూడు రోజులు కాశీంవలి ఆయన వైపు చూడలేదు. నాలుగో రోజు గేటు దాటుతుంటే స్టూలు మీద నుంచే అన్నాడు, "నాకు చెప్తివి. వాళ్లకెప్పుడు చెప్తావు?"

ఆ మాట మీద నీలకంఠం రాజధాని బస్సెక్కాడు. మండలి కార్యాలయంలో మూడు గంటలు కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఆయన తెగించి మొత్తం ఒప్పుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు, చేసిన తప్పు ఒప్పుకున్నాడు.

చిదంబర ప్రసాద్ గారు శ్రద్ధగా విన్నారు.

"మీ ఆవేదన అర్థమైంది. కానీ ఇరవైమూడు జింకల మరణం ఇప్పుడు ప్రభుత్వ రికార్డు. మీరు ఒక వ్యక్తి. రికార్డును వ్యక్తి ఖండించజాలడు."

"రాసిన వ్యక్తి నేనేనండీ."

"రాసినది మీరు, ముద్ర డిపోది. పైగా మీ ఇరవైమూడు ఆధారంగా రాష్ట్రమంతటా ఈలలు అమర్చమని ఉత్తర్వులు వెళ్లాయి. మీ జింకలు చనిపోకపోతే మా ఈలలు కాపాడిందెవర్ని?"

"చనిపోలేదండీ. అదే నా మనవి."

"అయితే బతికున్నాయన్నమాట."

నీలకంఠం ఆలోచించకుండా తలూపాడు.

"రుజువు చూపండి. పింఛనుదారుడు ఏటేటా ఏం చేస్తాడు? బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇస్తాడు. ఇవ్వకపోతే చనిపోయినట్టే. జింకకు ప్రత్యేక మినహాయింపు ఏదీ లేదు. ఇరవైమూడు ధ్రువపత్రాలు విచారణ నాటికి సమర్పించండి, పరిశీలిద్దాం."

నీలకంఠం ధ్రువపత్రం ఫారాలు ఇరవైమూడు జిరాక్సు తీయించుకుని అడవిలోకి వెళ్లాడు. పేరు, తండ్రి పేరు, గుర్తించదగిన పుట్టుమచ్చలు అని గళ్లున్నాయి. ఏనుగుబండ బీటులో అడవి కాపలా కాసే వాచరు గురవయ్య ఉన్నాడు, చెంచు మనిషి, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. నీలకంఠం వచ్చిన పని చెప్పాడు. గురవయ్య ఫారాన్ని తిరగేసి, మళ్లీ బోర్లేసి చూశాడు.

"జింకలా? ఈ కొండ మీద జింక యాడిది సామీ? జింక మైదానంలో తిరిగేది. ఇక్కడుండేవి దుప్పులు, కణుజులు."

"ఒక్క జింకా లేదా?"

"మా తాత కాలం నుంచీ లేదు."

నీలకంఠానికి ఆ చెంచు వాచరు కాళ్లు మొక్కాలనిపించింది. లేని జింకను కాశీంవలి ఎలా చంపుతాడు? అక్కడే బండ మీద కూర్చుని అరపేజీలో నివేదిక రాశాడు. ఏనుగుబండ ఘాట్లో జింకలు లేవు. అంతే. గురవయ్య చేత సంతకం పెట్టించుకున్నాడు.

విచారణ డిపోలోనే జరిగింది. చిదంబర ప్రసాద్ గారు అధ్యక్షులు. ఒక పక్క అటవీ అధికారి, ఇంకో పక్క పద్మనాభ రెడ్డి గారు. కాశీంవలి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, మూడు పతకాలూ చేతిరుమాల్లో మూటగట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. గురవయ్య ఆయన పక్కన.

అధ్యక్షులు అరపేజీ నివేదిక చదివారు. "ఘాట్లో ఒక్క జింక కూడా లేదని మీరే ధ్రువీకరిస్తున్నారు?"

"అవునండీ," అన్నాడు నీలకంఠం. చాలా రోజుల తర్వాత వెన్ను నిటారుగా ఉంది.

"ఇరవైమూడూ చనిపోయాక ఎలా ఉంటాయి?"

నీలకంఠం వెన్ను మళ్లీ వంగింది.

అటవీ అధికారి ముందుకు జరిగారు. "ఇది సామాన్య ప్రమాదం కాదు. ఒక ప్రాంతం నుంచి ఒక జాతి సమూల నిర్మూలన. పదిహేడు ఒక్కడే. జైలు తప్పని నేరం ఇది."

కాశీంవలి చేతిలో మూట గలగలమంది. నీలకంఠం ఆ మూట వైపు చూశాడు. నిజం చెబితే కాగితం అడిగారు, కాగితం తెస్తే ఉరితాడు పేనారు. ఆయన బుర్రలో మిగిలింది ముప్పై ఏళ్ల గుమాస్తాతనం ఒక్కటే. అదే నోరు తెరిచింది.

"సార్, నివేదికలో ఒక అచ్చుతప్పు దొర్లింది. జింక అని ఉన్న ప్రతిచోటా దుప్పి అని చదువుకోవలెను."

గదిలో బిగువు సడలింది. ఒప్పుకోలు అంటే వాళ్లకు ఏవగింపు గానీ, సవరణ అంటే ఇంటిమాట.

"సవరణ పత్రం ఉందా?" అన్నారు అధ్యక్షులు.

నీలకంఠం నిలబడే రాసిచ్చాడు. మేనేజరు ముద్ర వేశారు. గురవయ్యను ముందుకు పిలిచారు.

"ఘాట్లో దుప్పులు ఉన్నాయా?"

"ఉండాయి సామీ. మందలు మందలు."

"ఇరవైమూడు ఉంటాయా?"

"ఎందుకుండవు?"

"అవి సదరు ఇరవైమూడేనా, వేరేవా?"

గురవయ్య కాసేపు ఆ ముగ్గురి ముఖాలూ చూశాడు. "అయ్యే సామీ. చావలేదు గదా, అయ్యే ఉండాయి."

ఇంతకన్నా నిర్దిష్టమైన సాక్ష్యం తమ సర్వీసులో వినలేదని అటవీ అధికారి ఒప్పుకున్నారు. ఇరవైమూడు ఫారాల మీదా గురవయ్య సంతకాలు చేశాడు. తండ్రి పేరు దగ్గర అన్నిటికీ 'మందలోది' అని రాశారు.

పది రోజులకు తుది ఉత్తర్వు వచ్చింది. డ్రైవరు కాశీంవలిపై అభియోగములు రద్దు చేయడమైనది, సదరు వ్యక్తి తక్షణమే విధులలో చేరవలెను, అన్నది చివరి పేరా. నీలకంఠం ముందు అదే చదివి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత పై పేరాలు చదివాడు. 'ఈల అమర్చక మునుపు మృతి చెందిన ఇరవైమూడు దుప్పులు, ఈల అమర్చిన పిదప సజీవముగా ఉన్నట్లు నిర్ద్వంద్వముగా రుజువైనది. కావున సదరు ఈల జరగబోవు ప్రమాదములను నివారించుటయే గాక, జరిగిపోయిన ప్రమాదములను సైతం ఉపసంహరించుకొనుచున్నట్లు మండలి భావించుచున్నది. మృతులలో నాలుగు చూలివైనందున, ఈపాటికి ఈని ఉండవచ్చును గనుక, మొత్తము ఇరవై ఏడుగా పరిగణించవలెను.'

నీలకంఠం ఒప్పుకోలు గురించి కూడా ఒక వాక్యం ఉంది. అది అధిక పనిభారము వలన కలిగిన వినయముగా గుర్తించి పది రోజుల విశ్రాంతి సెలవు మంజూరు చేశారు. మేనేజరు గారు గదికి పిలిచి రెండో శాలువా కప్పారు. శిక్ష కోసం మెడ వంచితే ఇలా శాలువా పడటం ఆయనకు అర్థం కాలేదు. దాన్ని ఇంటికి తీసుకెళ్లకుండా బల్ల సొరుగులో కుక్కాడు.

సెలవు మొదటి రోజు పొద్దున్నే వెళ్లి సోమవరం బస్సెక్కాడు. సోమవరంలో ఆయనకు పనేమీ లేదు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటే దారిలో ఎక్కడో ఒకచోట కాశీంవలి తిడతాడని ఆశ. కాశీంవలి అద్దంలోంచి ఒకసారి చూసి బండి తీశాడు. ఊరు దాటింది, వాగు దాటింది, ఘాట్ మొదలైంది. కాశీంవలి మళ్లీ అద్దం వైపు చూడలేదు. బండి మాత్రం పాతికలో, మునుపటిలాగే నూనె పోసినట్టు సాగుతోంది. బంపరు మీద రెండు ఈలలూ మోగుతున్నాయో లేదో ఎవరికీ తెలియదు.

ఆరో మలుపు తిరిగేసరికి దుప్పులు. పెద్ద కొమ్ముల పోతు ఒకటి రోడ్డు నడిమధ్యన నిలబడి బస్సును చూస్తోంది. కాశీంవలి మెల్లగా బ్రేకు తొక్కి, ఇంజను ఆపేశాడు. హారను ముట్టలేదు. ప్రయాణికులు మాటలు ఆపి కిటికీల దగ్గరికి జరిగారు. పోతు రెండడుగులు ముందుకొచ్చి బంపరును వాసన చూసింది. అక్కడ దానికి పనికొచ్చేదేమీ దొరకలేదు కాబోలు, తల తిప్పుకుని తీరిగ్గా రోడ్డు దాటింది. దాని వెనక ఆడవి, వాటి వెనక పిల్లలు, ఒక్కొక్కటిగా పొదల్లోంచి వస్తున్నాయి.

నీలకంఠం పెదవులు వాటంతటవే కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"సారూ."

గేటు దగ్గర అడిగిన ప్రశ్న తర్వాత కాశీంవలి ఆయనతో మాట్లాడటం అదే. నీలకంఠం ఆశగా ముందుకు వంగాడు. "ఏం వలీ?"

కాశీంవలి అద్దంలోంచే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"లెక్కపెట్టొద్దు."

నీలకంఠం నోరు మూసుకుని రెండో వైపు కిటికీకి తల తిప్పాడు. అటు నుంచి కూడా దుప్పులు దిగుతున్నాయి. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బస్సు మళ్లీ కదిలేదాకా తెరవలేదు.